ముందు చక్రాల దగ్గర దడ్‌మని చప్పుడు: షాకప్స్ మార్పించేముందు ఇలా చూసుకోండి

కారు పాతబడ్డాక ముందు చక్రాల దగ్గర ఏదో ఒకరోజు చప్పుడు మొదలవుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా టక్‌టక్‌మనో, దడ్‌మనో. మన గోదావరి డెల్టాలో తిరిగే కార్లకి ఇది ఇంకాస్త తొందరగానే వస్తుంది. మన రోడ్లలో చాలా భాగం కాలవ గట్ల మీదే ఉన్నాయి కదా. కింద ఒండ్రు మట్టి, పక్కనే నీళ్ళు. ధాన్యం లారీలూ చేపల లారీలూ తిరిగి తిరిగి రోడ్డు అంచు దిగబడిపోతుంది. తూముల దగ్గరా వంతెనల దగ్గరా కాంక్రీటు కదలదు, దాన్ని ఆనుకుని పోసిన మట్టి మాత్రం కుంగుతుంది. అందుకే కల్వర్టు ఎక్కేచోట ఒక మెట్టు, దిగేచోట ఇంకో మెట్టు. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళి వచ్చేలోపు ముందు చక్రాలు ఎన్ని దెబ్బలు తింటాయో ఆ దారిలో తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

చప్పుడు వినగానే ఎవరైనా చెప్పే మాట ఒకటే, "షాకప్స్ (షాక్ అబ్జార్బర్లు) పోయాయండి" అని. పోయి ఉండొచ్చు కూడా. కానీ ముందు చక్రాల దగ్గర చప్పుడు చేసే భాగాలు పదికి పైగా ఉన్నాయి. వాటిలో షాకప్స్ ఖరీదైనవి. చాలాసార్లు అసలు తప్పు వాటిది కానే కాదు.

మా 2008 మోడల్ స్విఫ్ట్‌కి సరిగ్గా ఇదే జరిగింది. ఒక వర్క్‌షాపులో కారు కిందకి తొంగి కూడా చూడకుండా రెండు షాకప్స్ మార్చాలని రాసేశారు. నమ్మి మార్పించాను. బిల్లు కట్టి ఇంటికొస్తుంటే మా ఊరి కాలవ వంతెన దిగేచోట మళ్ళీ అదే టక్. ఆ రోజు పడ్డ బాధ నాకింకా గుర్తుంది. డబ్బు పోయినందుకు కాదు, అసలు ఏది పాడైందో తెలియకుండానే పాతవి విప్పి పారేశాం కదా అని. తరవాత మా ఊళ్ళో లారీలూ కార్లూ చూసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పావుగంటలో తప్పు ఎక్కడుందో పట్టేశారు. ఎలా పట్టారో పక్కనుండి చూశాను. ఆ పద్ధతి నేర్చుకుని, ఆ తరవాత ఇంట్లోవాళ్ళ కార్లకీ స్నేహితుల కార్లకీ నేనే చూస్తున్నాను. అదే మీకు చెబుతున్నాను. రిపేరు మీరు చెయ్యకపోయినా పరవాలేదు. ఏది పాడైందో తెలుసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్తే చాలు.

ఇక్కడ చెప్పేదంతా ముందు చక్రాలకి మాక్‌ఫర్సన్ స్ట్రట్ అనే రకం సస్పెన్షన్ ఉన్న కార్లకి. మారుతి 800, ఆల్టో, జెన్, శాంత్రో, ఇండికా, స్విఫ్ట్, ఇలా మన దగ్గర తిరిగే పాత చిన్నకార్లన్నీ దాదాపు ఈ రకమే. అంబాసిడర్ ముందు భాగం కట్టుబడి వేరు, దానికి ఇది పనికిరాదు.

లోపల ఏముంటుందో ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. షాకప్, దాని చుట్టూ స్ప్రింగ్, రెండూ కలిస్తే స్ట్రట్. దాని పైభాగం బానెట్ కింద రబ్బరు మౌంటింగ్‌తో బాడీకి బిగించి ఉంటుంది. ఆ మౌంటింగ్‌లోనే ఒక బేరింగ్ ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు స్ట్రట్ తిరగడానికి. కింద లోయర్ ఆర్మ్. దాని లోపలి కొస రబ్బరు బుష్‌లతో బాడీ వైపు, బయటి కొస బాల్ జాయింట్‌తో చక్రం వైపు. స్టీరింగ్ తిప్పితే పక్కలకి జరిగే స్టీరింగ్ రాక్ నుంచి చక్రానికి టై రాడ్ వస్తుంది. కుడి ఎడమ చక్రాలని కలుపుతూ అడ్డంగా స్టెబిలైజర్ బార్ ఉంటుంది. చాలా కార్లలో ఆ బార్ కొసల్ని స్ట్రట్‌కో ఆర్మ్‌కో కలిపేవి చిన్న లింక్ రాడ్లు.

ముందు కారు ఖాళీ చెయ్యండి

ఇది చిన్న విషయమని వదిలెయ్యకండి. డిక్కీలో జాకీ, స్టెప్నీ, వీల్ స్పానర్, సీట్ల కింద నీళ్ళ సీసాలు, డ్యాష్‌బోర్డు అరలో చిల్లర, అన్నీ తీసి కింద పెట్టండి. బానెట్ ఎత్తి బ్యాటరీని చేత్తో కదపండి. దాని క్లాంపు వదులైతే గతుకులో అచ్చం సస్పెన్షన్ లాగే దడ్‌మంటుంది. బానెట్ లాక్, నంబరు ప్లేటు, చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్, ఇంజన్ కింద రేకు కూడా లాగి చూడండి. వీల్ నట్లు నాలుగూ స్పానర్ పెట్టి బిగువు చూడండి. ఈ మధ్య పంక్చర్ వేయించి ఉంటే ఇది మరీ ముఖ్యం. చప్పుడు వదులు నట్లదైతే ఆ కారు ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

చప్పుడు ఎప్పుడొస్తోందో రాసుకోండి

ఖాళీ కారుతో ఒకసారి తిరిగి రండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. ఏసీ, పాటలు ఆపేసి అద్దాలు పూర్తిగా దించండి. రైస్ మిల్లు ప్రహరీ లాంటి పొడవాటి గోడ పక్కన నెమ్మదిగా పోనిస్తే చప్పుడు గోడకి తగిలి వెనక్కి వస్తుంది. ఏ వైపు నుంచి వస్తోందో అప్పుడు కొంచెం తేటగా తెలుస్తుంది. ఒకసారి ఎడమ వైపు గోడ ఉండేలా, తిరిగొచ్చేటప్పుడు కుడి వైపు గోడ ఉండేలా నడపండి. అయినా చెవినే పూర్తిగా నమ్మకండి. ఇనుము గుండా చప్పుడు పాకుతుంది. ఎడమ వైపుదని ప్రమాణం చేసి చెప్పిన చప్పుడు కుడి వైపు దొరికిన సందర్భాలు నాకే రెండున్నాయి.

ఫోన్లోనో కాగితం మీదో ఇవి రాసుకోండి. చిన్న చిన్న గతుకుల మీద, పది పదిహేను కిలోమీటర్ల వేగంలో టక్‌టక్‌మని వరసగా వస్తోందా? అయితే లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు, స్ట్రట్ పై మౌంటింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. పెద్ద గోతిలో పడ్డప్పుడు మాత్రమే ఒక్కసారి దడ్‌మంటోందా? షాకప్ బలహీనపడి చివరిదాకా దిగిపోయి కొట్టుకుంటూ ఉండొచ్చు. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి కొడితే లోయర్ ఆర్మ్ బుష్. గేరు మార్చి క్లచ్ వదిలేటప్పుడు వస్తే ఇంజన్ మౌంటింగ్. స్టీరింగ్ పూర్తిగా కోసి, అంటే ఒక పక్కకి తిప్పేసి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కటకటమంటే అది సస్పెన్షనే కాదు, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి రిమ్ము లోపలంతా గ్రీజు చిమ్మి ఉంటుంది, చూస్తేనే తెలిసిపోతుంది. వేగం పెరిగేకొద్దీ గుయ్‌మనే మోత పెరిగితే వీల్ బేరింగ్.

ఇంకొక చిన్న పరీక్ష. చప్పుడు వస్తున్న గతుకుల రోడ్డు మీదే బ్రేకు పెడల్ మీద పాదం మెత్తగా ఆనించి పోనివ్వండి. చప్పుడు చటుక్కున ఆగిపోయిందంటే బ్రేకు ప్యాడ్లో కాలిపర్ పిన్నులో వదులై కొట్టుకుంటున్నాయి. ఇది తెలియక సస్పెన్షన్ మొత్తం విప్పించినవాళ్ళున్నారు.

స్పీడ్ బ్రేకర్ మీద రెండు రకాలుగా

ఆ పెద్దాయన నాకు మొదట చూపించింది ఇదే. "ఇది షాకప్పేనా బాబాయ్?" అని అడిగితే, "కాదో అవునో కారే చెబుతుంది, ఎక్కించు అబ్బాయ్" అని పక్క సీట్లో కూర్చున్నారు.

వెనకా ముందూ బండ్లు లేని చోట ఒక స్పీడ్ బ్రేకర్ చూసుకోండి. మొదటిసారి నిటారుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నెమ్మదిగా దాటండి. రెండోసారి కారు కాస్త ఏటవాలుగా పెట్టి, ముందు ఒక చక్రం, తరవాత రెండోది ఎక్కేలా దాటండి. వేగం రెండుసార్లూ ఒకటే ఉండాలి.

స్టెబిలైజర్ బార్ పనిచేసేది రెండు చక్రాలూ వేరువేరు ఎత్తులో ఉన్నప్పుడే. రెండూ కలిసి లేస్తే బార్ కూడా వాటితో పాటు లేస్తుంది తప్ప మెలి తిరగదు. ఒకటి లేచి ఇంకొకటి కిందే ఉంటే మెలి తిరుగుతుంది, ఆ బలమంతా లింక్ రాడ్ల మీదా బుష్‌ల మీదా పడుతుంది. కాబట్టి నిటారుగా దాటినప్పుడు చప్పుడు లేకుండా, ఏటవాలుగా దాటినప్పుడు టక్‌మంటే వెతకాల్సింది స్టెబిలైజర్ బార్ చుట్టుపక్కల. రెండుసార్లూ ఒకేలా వస్తే స్ట్రట్, పై మౌంటింగ్, లోయర్ ఆర్మ్ చూడాలి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటడానికి పంటు (బండ్లని ఎక్కించుకునే పడవ) ఎక్కేవాళ్ళకి ఈ పరీక్ష ఉచితంగానే జరిగిపోతుంది. పంటు రేకు మీదికి కారు ఎక్కేటప్పుడు రెండు చక్రాలూ సమంగా ఎక్కవు, లింక్ రాడ్ వదులుగా ఉంటే అక్కడ తప్పకుండా పలుకుతుంది.

మా కారు నిటారుగా దాటినప్పుడు నోరెత్తలేదు. ఏటవాలుగా పెట్టగానే టక్‌మంది. కొత్త షాకప్స్ ఉన్న కారు.

చక్రాలు నేల మీదే ఉంచి చూడాల్సినవి

కారుని సమంగా ఉన్న గట్టి నేల మీద పెట్టండి. ముందు చక్రం పైన బాడీ అంచు మీద రెండు చేతులూ వేసి బలంగా కిందకి నొక్కి వదలండి. పైకి లేచి నిలబడిపోవాలి. మళ్ళీ మళ్ళీ ఊగుతూ ఉంటే షాకప్‌లో పస తగ్గినట్టు. ఊగలేదు కాబట్టి షాకప్ బాగుందని మాత్రం తేల్చెయ్యకండి. ఈ పరీక్షలో పాసై రోడ్డు మీద ఫెయిలయ్యేవి ఉంటాయి. టార్చి వేసి షాకప్ గొట్టం చూడండి. పల్చటి నూనె తడి మీద దుమ్ము అంటుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె ధారగా కారి కింది భాగమంతా తడిసి ఉంటే మార్చాల్సిందే. స్ప్రింగ్ అడుగు చుట్టు కూడా చూడండి, తుప్పు పట్టి విరిగేది ఎక్కువగా అక్కడే. విరిగిన ముక్క చిన్నదైతే కారు ఒరిగినట్టు కనపడదు, చప్పుడు మాత్రం వస్తుంది.

ఇప్పుడు బానెట్ ఎత్తి, ఇంజన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీయండి. లోపల ఎవరినైనా కూర్చోబెట్టి స్టీరింగ్‌ని కుడికీ ఎడమకీ కొంచెం కొంచెంగా, వెంటవెంటనే ఆడించమనండి. మీరు స్ట్రట్ పై మౌంటింగ్ మీద అరచెయ్యి ఆనించి ఉంచండి. బేరింగ్ బాగుంటే చేతికి ఏమీ తెలియదు. పోయి ఉంటే అరచేతిలో కట్‌మని తగులుతుంది. స్టీరింగ్ పూర్తిగా కోసేటప్పుడు స్ప్రింగ్ బిగుసుకుని ఉన్నట్టుండి ఎగిరినట్టు 'టంగ్' అంటే కూడా అదే బేరింగ్. స్ప్రింగ్ చుట్ల మధ్య మాత్రం వేళ్ళు పెట్టకండి.

తరవాత చక్రం వెనక నుంచి చెయ్యి పోనిచ్చి టై రాడ్ ఎండ్ మీద బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకోండి. ఒక వేలు రాడ్ మీద, ఒక వేలు జాయింట్ మీద ఉండాలి. స్టీరింగ్ ఆడిస్తుంటే రెండూ ఒకేసారి కదలాలి. రాడ్ ముందు కదిలి జాయింట్ వెనక కదిలితే ఆ సందులోనే ఉంది మీ చప్పుడు. రాక్ వైపు నలుపు రంగు రబ్బరు తిత్తి ఉంటుంది. దాన్ని మెత్తగా నొక్కి లోపలి జాయింట్‌ని కూడా ఇలాగే పట్టి చూడొచ్చు.

లింక్ రాడ్ సంగతి ఇక్కడే తేలుతుంది. ఇది అందరూ తప్పు చేసేచోటు కాబట్టి కాస్త ఆగి చదవండి. చాలామంది ఒక వైపు జాకీ ఎత్తి లింక్ రాడ్ పట్టుకుని లాగుతారు. గట్టిగా ఉంది, బాగానే ఉందంటారు. ఒక చక్రం గాల్లో వేలాడుతుంటే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ని బిగించి పట్టుకుంటుంది. అరిగిపోయిన జాయింట్ కూడా అప్పుడు బిగువుగానే అనిపిస్తుంది. రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడో, రెండూ సమంగా పైకెత్తినప్పుడో చూస్తేనే నిజం బయటపడుతుంది.

ఆ రోజు పెద్దాయన చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకి కోయించారు, చెయ్యి దూరే సందు కోసం. మా తమ్ముణ్ణి పిలిచి, "కారు ఊపరా, మెల్లిగా" అన్నారు. వాడు "ఆయ్" అని ముందు భాగాన్ని పక్కలకి ఊపడం మొదలుపెట్టాడు. ఆయన నా చెయ్యి పట్టుకుని చూపుడువేలు తీసుకెళ్ళి లింక్ రాడ్ పై జాయింట్ మీద పెట్టారు. అక్కడి రబ్బరు టోపీ చిరిగిపోయి ఉంది. లోపల గ్రీజు ఎండిపోయి, ఎర్రటి తుప్పు పొడి వేలికి అంటింది. కారు ఊగిన ప్రతిసారీ ఆ జాయింటు లోపల చిన్న టిక్, గోరుతో పలక మీద కొట్టినంత. చెవికి దాదాపు వినపడదు, వేలికి మాత్రం తెలుస్తోంది. రోడ్డు మీద కారంతా వినపడిన చప్పుడు ఇదేనా అని నమ్మలేకపోయాను. అవతలి వైపు జాయింట్ మీద కూడా వేలు పెట్టించారు. అక్కడ ఏమీ లేదు. ఆ తేడా ఒకసారి వేలికి తెలిస్తే మళ్ళీ మరిచిపోలేం.

లింక్ రాడ్లు ఉన్న కారైతే అనుమానం తీర్చుకోడానికి ఇంకో దారి ఉంది. రెండు వైపులా లింక్ రాడ్లు విప్పేసి, బార్ కొసలు దేనికీ తగలకుండా కట్టి, ఊళ్ళోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రావచ్చు. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. మలుపుల్లో కారు ఎక్కువగా వాలుతుంది కాబట్టి హైవే ఎక్కకూడదు. కానీ మారుతి 800 లాంటి పాత కార్లలో ఈ పని అస్సలు చెయ్యకూడదు. వాటిలో స్టెబిలైజర్ బార్ కొస నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి దూరి నట్టుతో బిగించి ఉంటుంది. చక్రం ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునేది ఆ బారే. అది విప్పి నడిపితే చక్రానికి ఆధారం ఉండదు. ఆ కార్లలో బార్ కొస దగ్గర ఉండే రబ్బరు బుష్‌లూ, వాటి నట్టు బిగువూ చూడాలి. బ్రేకు వేసినప్పుడు దడ్‌మనే 800ల్లో ఎక్కువగా దొరికేది అదే.

జాకీ ఎత్తాక

ఇక్కడ తొందర పనికిరాదు. మన నేల సంగతి మనకి తెలుసు. వానాకాలంలో పెరట్లో జాకీ పెడితే కారు లేవడానికి బదులు జాకీయే దిగిపోతుంది. సిమెంటు చేసిన కల్లం గానీ కాంక్రీటు నేల గానీ చూసుకోండి. అది లేకపోతే వేసవిలో నేల ఎండి గట్టిపడ్డాక పెట్టుకోండి, అప్పుడైనా జాకీ కింద మందపాటి చెక్క వెయ్యండి. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. కారు లేపాక, దాని బరువు మోసే ఇనప స్టాండు మీద దించండి. స్టాండు లేకపోతే పని రేపటికి వాయిదా వెయ్యండి. ఇటుకలు పేర్చి దాని మీద ఆనించడం మన వైపు చాలామంది చేస్తారు. ఇటుక బరువుకి చెప్పకుండా పగులుతుంది. ఒక్క జాకీనే నమ్మి కారు కింద తల పెట్టొద్దు. స్టాండు పెట్టాక కూడా స్టెప్నీని బాడీ అంచు కింద పడుకోబెట్టి ఉంచితే ఇంకా ధైర్యం.

చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట, అంటే వదులు కదలిక ఉంటే, లోపల కూర్చున్నవాళ్ళని బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే వీల్ బేరింగ్. అయినా ఆట ఉంటే బాల్ జాయింట్ వైపు చూడాలి. తరవాత చక్రాన్ని కుడి పక్కా ఎడమ పక్కా పట్టుకుని ఊపండి. ఇలా మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండో, లోపలి రాక్ ఎండో.

బాల్ జాయింట్‌ని ఊపి వదిలెయ్యకుండా గునపం లాంటి పొడవాటి రాడ్డుతో కూడా చూడండి. చక్రం వేలాడుతుండగా లోయర్ ఆర్మ్‌కీ, చక్రాన్ని మోసే పోత ఇనప భాగానికీ మధ్య రాడ్డు పెట్టి మెల్లిగా ఎత్తండి. ఆ రెండిటి మధ్య పైకీ కిందకీ కదలిక కంటికి కనపడిందంటే కారు అక్కడే ఆపెయ్యండి. మిగతా ఏ చప్పుడైనా వారం పది రోజులు ఓర్చుకోవచ్చు, దీన్ని కాదు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లాభం ఉండదు. ఒక పక్క కాలవా ఇంకో పక్క పొలమూ ఉన్న మన గట్టు రోడ్ల మీద అలా జరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. స్విఫ్ట్ లాంటి కార్లలో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది, కొన్ని కార్లలో విడిగా దొరుకుతుంది.

వరద నీళ్ళలో దిగిన కారైతే బాల్ జాయింట్ బూటుని మరీ పట్టిపట్టి చూడండి. 2022 జూలైలో వచ్చిన లాంటి వరదలో లంకల దారుల్లో నీళ్ళలోంచి నడిపించిన కార్లకి, లేదా కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే దాటించిన కార్లకి ఇది తప్పదు. బూటుకి చిన్న చిరుగు ఉన్నా చాలు, ఒండ్రు లోపలికి పోతుంది. ఆ మెత్తటి ఒండ్రు గ్రీజులో కలిసి, జాయింట్‌ని లోపల్నుంచి నూరేస్తుంది. చప్పుడు ఆ వారంలో రాదు, నెలల తరవాత వస్తుంది. అప్పటికి వరద సంగతి మనం మరిచిపోతాం. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి ఉండే కార్లకీ, ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే కార్లకీ స్ప్రింగ్ అడుగు చుట్టు, లోయర్ ఆర్మ్ అతుకులు తుప్పు పట్టడం ఎక్కువ. ఆ దారిలో తిరిగొచ్చాక కారు పైన కడిగినట్టే కింద కూడా మంచినీళ్ళతో కడగండి.

లోయర్ ఆర్మ్ బుష్‌లని కూడా రాడ్డుతో కొంచెం ఒత్తిడి పెట్టి చూడాలి. రబ్బరు కాబట్టి కాస్త సాగడం మామూలే. రబ్బరు చీలి ఇనప గొట్టం నుంచి విడిపోయినా, ఇనుము ఇనుముకి తగిలినా మార్చాలి. పైపైన సన్నటి పగుళ్ళు కనపడగానే బుష్ పోయిందనకండి, పాత రబ్బరుకి అవి ఉంటాయి.

ఇంజన్ మౌంటింగ్ మీద అనుమానం ఉంటే కారు నేల మీదికి దించాక చూడండి. బానెట్ ఎత్తి పెట్టి, లోపలివాళ్ళు హ్యాండ్ బ్రేకు వేసి కాలి బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, ఒకసారి మొదటి గేరులో, ఒకసారి రివర్సులో క్లచ్‌ని అందుకునేదాకా మాత్రమే మెల్లిగా వదలాలి. ఇంజన్ ఒక్కసారిగా ఎగిరి పడితే మౌంటింగ్ పోయింది. మీరు పక్కన నిలబడి చూడాలి, కారు ముందు కాదు, వెనక కూడా కాదు.

ఒక మాట మనసులో పెట్టుకోండి. రబ్బరు కిర్రుమంటోందని బుష్‌ల మీద ఇంజన్ ఆయిలో డీజిలో కొట్టొద్దు. రెండు రోజులు చప్పుడు తగ్గుతుంది, తరవాత రబ్బరు ఉబ్బి మెత్తబడి పనికిరాకుండా పోతుంది. నీళ్ళు చల్లి చూడండి. తడిసినప్పుడు కిర్రు ఆగి, ఆరాక మళ్ళీ వస్తే అది ఎండిన రబ్బరే. దడ్, టక్ అనే చప్పుళ్ళు మాత్రం నీళ్ళకి పోవు.

మార్పించేటప్పుడు

ఏది పాడైందో తేలిపోయింది కాబట్టి ఇక షాపులో మాట్లాడటం తేలిక. "ముందు చప్పుడొస్తోంది చూడండి" అనకుండా, "కుడి లింక్ రాడ్ పై జాయింట్ వదులైంది, ఒకసారి మీరు కూడా వేలు పెట్టి చూడండి" అనండి. మంచి మెకానిక్ నొచ్చుకోడు, వెంటనే వంగి చూస్తాడు. మీ ఎదుటే చూపించమనండి. చూపించకుండా లిస్టు రాస్తే, ఆ లిస్టు తీసుకుని వచ్చెయ్యండి.

షాకప్స్, లింక్ రాడ్లు ఎప్పుడూ జతగా మార్చండి. లోయర్ ఆర్మ్ గానీ టై రాడ్ ఎండ్ గానీ మారిస్తే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల వరస సరిచేయడం) చేయించాల్సిందే, లేకపోతే టైరు ఒక అంచున అరిగిపోతుంది. షాకప్స్ మారుస్తుంటే పై మౌంటింగ్, బేరింగ్ కూడా అప్పుడే చూసి, అనుమానంగా ఉంటే మార్పించండి. లేకపోతే వాటి కోసం మళ్ళీ స్ట్రట్ మొత్తం దించాలి. స్ప్రింగ్ విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. నొక్కి పట్టే పరికరం జారితే స్ప్రింగ్ ఎగిరి మనిషిని చంపగలదు.

ఇంకొకటి దగ్గరుండి చూసుకోవాలి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్ని కారు గాల్లో ఉండగా వదులుగా ఎక్కించి, చక్రాలు నేలకి ఆని బరువు పడ్డాకే చివరి బిగువు ఇవ్వాలి. చక్రం వేలాడుతుండగానే బిగించేస్తే, కారు దించగానే బుష్ లోపలి రబ్బరు మెలి తిరిగిపోతుంది. ఇక రోజూ ఆ మెలికలోనే పనిచేసి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. "కొత్త బుష్‌లేనండి, అయినా మళ్ళీ చప్పుడొస్తోంది" అనేవాళ్ళ కార్లలో చాలావాటి కథ ఇదే. ఈ మాట మెకానిక్‌కి ముందే మర్యాదగా చెప్పండి.

షాకప్స్ మార్చిన రోజే కొత్త చప్పుడు మొదలైతే అడగాల్సినవి రెండు. పై నట్టు పూర్తిగా బిగిసిందా, స్ప్రింగ్ కొస దాని గాడిలో కూర్చుందా. బాల్ జాయింట్, టై రాడ్ నట్లకి స్ప్లిట్ పిన్ ఉంటే పాతది వంచి పెట్టకుండా కొత్తది వేయించండి. నైలాన్ రింగు ఉండే నట్లు ఒకసారి విప్పితే వాటి పట్టు పోతుంది, అవీ కొత్తవే వెయ్యాలి.

డబ్బు కట్టేముందు కారుని అదే స్పీడ్ బ్రేకర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒకసారి నిటారుగా, ఒకసారి ఏటవాలుగా. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి విప్పిన నట్లన్నిటి బిగువు చూపించుకోండి. మా స్విఫ్ట్‌కి రెండు లింక్ రాడ్లు మారిస్తే సరిపోయింది. ఆ సాయంత్రం కాలవ వంతెన దిగేచోట అద్దాలు దించి మెల్లిగా పోనిచ్చాను. టైర్ల కింద కంకర నలిగిన చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.